శని దానం పట్టిన చెయ్యి

మా ఇంటి గడప పక్కన గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించి ఉంటుంది. నడుమెత్తున, నాలుగు జానల పొడవు. చలికాలం పొద్దున్నే తలుపు తీసి బయటికి వస్తూ దాని మీద చెయ్యి వేస్తాను. నాకు దాని ఆసరా అవసరం లేదు, నా కాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి. అయినా వేస్తాను. చల్లదనం మోచేతి దాకా పాకుతుంది. పాలాయన వచ్చి వెళ్లినా, పొయ్యి మీద చాయ్ మరిగినా, అరచేతిలో ఆ ఇనుము వాసన అట్లాగే ఉంటుంది. ఆ వాసనకు నాకు సోమాచారి తాత గుర్తొస్తాడు. ఆయన్ని చూడనివాళ్లకు ఆయన గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆయన గురించి మొదలుపెడితే శని గురించి చెప్పాల్సి వస్తుంది. శని పేరెత్తితేనే సగంమంది లేచి వెళ్లిపోతారు. వెళ్లేవాళ్లు వెళ్లండి, నేను మాత్రం చెబుతాను.

మాది మర్రిగూడ దగ్గర ఒక ఊరు. వాన పడితే పత్తి, కంది. పడకపోతే హైదరాబాదు బస్సు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నల్లాలకు కృష్ణ నీళ్లు రాకముందు పుట్టినవాళ్లమంతా ఆ బోరు నీళ్లను ఇంకా ఒంట్లోనే మోస్తున్నాం. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంకరపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు. సోమాచారి తాత ఆ ఊరి కమ్మరి. కొడవళ్లు కాల్చి సరిచేసేవాడు, గొడ్డళ్లకు పదును పెట్టేవాడు. కొలిమి పక్కనే గూట్లో పంచాంగం, వాళ్ల తాత చేత్తో రాసుకున్న లెక్కల పుస్తకాలు ఉండేవి. విత్తనం ఎప్పుడు వేయాలి, పిల్లకు ఏ అక్షరంతో పేరు పెట్టాలి, శని ఎప్పుడు వదులుతాడు, అన్నీ ఆయన్నే అడిగేవాళ్లు. నిప్పు ఊదుతూనే లెక్క చెప్పేవాడు.

ఇంకొక పని కూడా చేసేవాడు. ఆ పనివల్లే పిల్లలం ఆయన్ని చూస్తే పరుగెత్తేవాళ్లం. శని దశ నడుస్తున్నవాళ్లు శనివారం పొద్దున నల్లబట్టలో నువ్వులు, నూనె సీసా, ఏదో ఒక ఇనుప ముక్క కట్టి దానమిస్తారు. ఇచ్చినవాళ్ల శని పట్టినవాళ్లకు అంటుకుంటుందని నమ్మకం. అందుకే అన్ని దానాలూ పట్టే చేతులు ఈ ఒక్క దానం దగ్గర వెనక్కి పోతాయి. గుడి అయ్యగారు కూడా నవ్వుతూనే తప్పుకునేవాడు. సోమాచారి తాత మాత్రం ఎవరు తెచ్చినా రెండు చేతులూ చాపేవాడు. నేను ఉద్యోగం మీద ఊరికి తిరిగొచ్చేసరికే ఆయన నడుము దగ్గర, మెడ దగ్గర వంగి బిగుసుకుపోయాడు. నిలబడితే మొఖం నేలను చూసేది. వెల్లకిలా పడుకోలేడు, పక్కకు తిరిగే నిద్ర. ఊరందరి శనినీ మీదేసుకుని అట్లా వంగిపోయాడని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆయన ఎదురుగా వస్తే చెప్పులు విడిచి పక్కకు నిలబడే ఆడవాళ్లను నేను చూశాను. భయమో భక్తో, రెండూనో.

నా గురించి కూడా ఇంత చెప్పాలి. మా నాయిన బావులు తవ్వేవాడు. భూమి లేనివాళ్లం, అందరి భూమిలో నీళ్లు వెతికి పెట్టేవాళ్లం. నాకు అయిదేళ్లప్పుడు బావిలో మట్టిపెళ్ల విరిగి ఆయన మీద పడింది. అమ్మ పేరు రాములమ్మ. పత్తి ఏరింది, మట్టి మోసింది, నన్ను హాస్టల్లో వేసి చదివించింది. హాస్టల్లో ఆడపిల్లలు నా పళ్లను చూసి నవ్వేవాళ్లు. నేను నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఎవరైనా ఒక మాటంటే పది అనడం, రెండూ అక్కడే నేర్చుకున్నాను. భౌతికశాస్త్రం చదివి టీచరునయ్యాను. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదికి పక్క ఊరి హైస్కూల్లో పోస్టింగ్ దొరికి మళ్లీ అమ్మ దగ్గరికి చేరాను. పెళ్లి ఊసెత్తితే నేను కొట్లాటకు దిగుతానని తెలిసి అమ్మ ఎత్తేది కాదు. ఇంట్లో ఇద్దరమే.

వచ్చిన కొత్తలో ఒక శనివారం బడి గేటు బందు విరిగితే అతికించమని కొలిమి దగ్గరికి వెళ్లాను. ఒక ముసలామె దానం ఇచ్చి వెనక్కి చూడకుండా వెళ్లిపోతోంది. నా నోరు ఊరుకుంటుందా? మనుషులు నీళ్లవల్ల వంకరపోతుంటే శని అని చెప్పి ఇంకా ఎన్నాళ్లు భయపెడతారు అని అడిగేశాను. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నాలుక కరుచుకున్నారు. ఆయన మాత్రం కోపం చేసుకోలేదు. కూర్చోమని పీట చూపించాడు. తల ఎత్తలేడు కాబట్టి కళ్లు మాత్రం పైకి తిప్పి, కనుబొమ్మల కిందినుంచి నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనపడుతుంది.

అప్పుడు చెప్పాడు. సూర్యుడు రాజులవాడు, గురువు చదువుకున్నవాళ్లవాడు, శుక్రుడు సుఖపడేవాళ్లవాడు. శని కింద ఉండేవి వేరట. ఇనుము, నూనె, నల్లబట్ట, ముసలితనం, ఎముకలు, పళ్లు, కాళ్లు, చెమటోడ్చి పనిచేసేవాళ్లు. తొమ్మిదిమందిలో అందరికంటే మెల్లగా నడిచేవాడు, ఒక రాశి దాటడానికి రెండున్నరేళ్లు తీసుకునేవాడు, ఒక కాలు కుంటి. చుట్టూ తిరిగి మళ్లీ అదే జాగాకు రావడానికి ముప్పై ఏళ్లు పడుతుంది. వచ్చినప్పుడు పోయినసారి మనం ఏం వదిలేశామో అడుగుతాడు, అంతే, అన్నాడు. "మీ అమ్మ, నేను, నువ్వు పుట్టిన వాడకట్టు, అందరం ఆయనవాళ్లమే బిడ్డా. మనోణ్ణి చూసి మనమే ఉరుకుతున్నం."

నాకు నవ్వొచ్చింది. అలవాటుగా చెయ్యి నోటికి పోయింది. ఆయన పట్టకారుతో నిప్పులు సర్దుతూ, ఆ చెయ్యి తియ్యి, ఆ పళ్లు ఈ ఊరు ఇచ్చినవి, దాచుకోవడానికేముంది అన్నాడు. మా అమ్మకు తప్ప ఎవరికీ చూపించని నవ్వు అది. చెయ్యి తీసేశాను. గేటు బందు అతికించి ఇచ్చాడు, నేను ఇంటికి వచ్చాను. ఒప్పుకోలేదు గానీ, ఆ తర్వాత శనివారాలు ఏదో పని కల్పించుకుని ఆ కొలిమి దగ్గరికి పోతుండేదాన్ని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాష్ట్రం వచ్చి మూడేళ్లు నిండబోతున్న వేసవి. అమ్మ వాకిలి ఊడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయింది. ఆమె ఉత్త కాలితోనే అటూ ఇటూ తిరుగుతోంది, చెప్పు లేదన్న సంగతే ఆమెకు తెలియలేదు. నేను చూపిస్తే ఆశ్చర్యంగా పాదం వంక చూసుకుంది. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. ఫోటోలు తీసి డాక్టరు చెప్పింది ఏమంటే, మెడ దగ్గర ఎముకలు మందమై లోపలి నరాన్ని నొక్కుతున్నాయి, ఆపరేషన్ చేసి ఆ నరానికి చోటివ్వాలి, రెండు మూడు నెలలు దాటితే కాళ్లు పూర్తిగా పడిపోవచ్చు, పడిపోయాక చేసి లాభం లేదు. అమ్మ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందంటే ఆమె తులారాశి. ఏడున్నరేళ్లు పట్టిన ఏల్నాటి శని ఆ జనవరిలోనే ఆమెను వదిలాడు. వృశ్చికం దాటి ధనుస్సులోకి వెళ్లిపోయాడు. ఇక నాకేం ఫికర్ లేదు బిడ్డా అని ఆపరేషన్ తేదీ ఆమే అడిగి రాయించుకుంది.

జూన్‌లో శని వక్రించాడు. అంటే వెనక్కి నడిచి మళ్లీ వృశ్చికంలోకి వచ్చాడు, అక్టోబరు చివరిదాకా అక్కడే ఉంటాడు. ఎవరో టీవీలో చెప్పారు, అమ్మ విన్నది. మరునాడే ఆపరేషన్‌కు రాను అంది. నేను బడిలో చెప్పినట్టు చెప్పాను. మనం బస్సులో పోతూ సైకిలును దాటేస్తే సైకిలు వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది, ఆయన ఎక్కడికీ వెనక్కి రాలేదు, మన భూమే ముందుకు పోయింది అన్నాను. అమ్మ విని, ముప్పై ఏళ్ల కింద శని సరిగ్గా ఇదే జాగాలో ఉన్నప్పుడు మీ నాయిన బావిలో దిగిండు అంది. ఆ సంవత్సరం సోమాచారి తాతే ఆమెకు జాగ్రత్త చెప్పాడట. నెల తిరగకుండా నాయిన పోయాడు. ఆ మాట మీద ఆమె ముప్పై ఏళ్లు బతికింది. ఇప్పుడు నేను బస్సు, సైకిలు అంటే ఎట్లా వింటుంది? అక్టోబరు దాకా ఆగుదాం అంది. డాక్టరు అక్టోబరు దాకా ఆగొద్దు అన్నాడు. మధ్యలో నేను.

వేరే దారి తోచక సోమాచారి తాత దగ్గరికి వెళ్లాను. సిగ్గు విడిచి అడిగాను. మీ మాట అమ్మ నమ్ముతుంది, శని వదిలేశాడని ఒక్కసారి చెప్పండి, నా మొఖం చూసి చెప్పండి అన్నాను. ఆయన సుత్తి పక్కన పెట్టాడు. లెక్కలో లేనిది చెప్పలేను అన్నాడు. "నా నోటిమీద ఆమెకున్న నమ్మకాన్ని నేనే ఖరాబు చేస్తే, రేపు నిజం చెప్పినా వినది బిడ్డా."

నా కోపం మీకు తెలియదు. అమ్మ కాళ్లు పోతుంటే మీకు మీ లెక్క ముఖ్యమా అని అరిచాను. ఎన్నడూ ఒక్క అబద్ధం చెప్పలేదా మీరు, ఈ ఊరికి ఒక్కటంటే ఒక్కటి, అని అడిగాను. ఏదో అనాలని అన్న మాట అది, దాని వెనుక ఏమీ లేదు. కానీ ఆయన ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. సుత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నేను లేచి వచ్చేశాను, నెలన్నర ఆ వైపు పోలేదు.

ఆగస్టులో అమ్మ స్నానాల గదిలో పడింది. ఎముక విరగలేదు గానీ లేవలేకపోయింది. నేను లేపేదాకా తడినేల మీద అట్లాగే కూర్చుని ఉంది. నన్ను పిలవలేదు కూడా. ఎందుకు పిలవలేదంటే నువ్వు తిడతావని అంది. ఆ మాటకు నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ వారమే బడికి వచ్చిన సైన్స్ సామాన్లలో ఒక చిన్న టెలిస్కోపు ఉంది. మూరెడు పైన గొట్టం, మూడుకాళ్ల స్టాండు. నాకొక మొండి ఆలోచన వచ్చింది. అమ్మకు శనిని చూపిస్తాను. అదొక గోళం, దానికి మన బావులు తెలియవు, మన రాములమ్మ తెలియదు అని కళ్లారా చూపిస్తాను. మా ఇంటి ముందు వేపచెట్టు అడ్డం. ఊర్లో ఆకాశం విశాలంగా కనిపించేది కొలిమి వాకిట్లోనే. కోపం మింగి వెళ్లి అడిగాను. రా బిడ్డా అని మాత్రం అన్నాడు.

వాన వెలిసిన సాయంత్రం. ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు, పొయ్యిలు అంటుకునే వేళ. అమ్మను భుజం పట్టి రెండిళ్ల దూరం నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. నిజం చెప్పొద్దూ, శని ఎక్కడుంటాడో నాకు తెలియదు. పిల్లలకు బొమ్మ చూపించి పాఠం చెప్పినదాన్నే గానీ, ఆకాశంలో వెతికింది లేదు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాను. ఆయన కొలిమి ముందు నిలబడి, మొఖం నేలకు వేసి, తన కాలివేళ్లనే చూసుకుంటూ చెప్పాడు. దక్షిణానికి తిరుగు. నేలకూ నడినెత్తికీ మధ్య సగానికి జర మీద. ఎర్రగ ఒక చుక్క ఉంటది, అది జ్యేష్ఠ. దానికి ఎడమ పక్క, మెరవకుండ నిలకడగ ఉండేటోడే ఆయన. నేను తల ఎత్తి చూశాను. ఎర్ర చుక్క ఉంది. దాని ఎడమ పక్కన పసుపుపచ్చగా, అస్సలు మిణుకుమనకుండా ఆయన ఉన్నాడు. ఆకాశం వంక తలెత్తక పదేళ్లు దాటిన మనిషి, చీకట్లో తన ఇంట్లో వస్తువు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాడు.

గొట్టం అటు తిప్పి చూశాను. మొదట చెదిరిన వెలుగు, ఆ తర్వాత కుదురుకుంది. చిన్న గోళం, దాని చుట్టూ వాలుగా ఒక వలయం. రెంటికీ నడుమ నల్లటి సందు. ఆ బొమ్మను బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో, ఒక్కసారీ నమ్మలేదని అప్పుడు తెలిసింది. అమ్మకు చూపించడానికి తెచ్చినదాన్ని, మొదట తాతనే పిలిచాను. ఎందుకు పిలిచానో చెప్పలేను.

ఆ టెలిస్కోపులో ఒక సంగతి ఉంది. కన్ను పెట్టే గొట్టం వెనుక నేరుగా ఉండదు. మధ్యలో అద్దం పెట్టి మలుపు తిప్పి ఉంటుంది, అందుకని పైనున్నది చూడాలంటే వంగి కిందికి చూడాలి. స్టాండు కాళ్లు పొట్టిగా చేశాను. ఆయన వచ్చి, ఉన్నవాడు ఉన్నట్టే, మెడ ఒక్క వేలెడు కూడా కదపకుండా, కన్ను ఆనించాడు. వంగినవాడు చూడటానికే ఎవరో చేసిపెట్టినట్టుంది ఆ పరికరం.

ఎంతసేపు చూశాడో. వలయం గొట్టంలోంచి జారిపోతుంటే నేను మళ్లీ సర్దుతున్నాను. మెల్లగ నడిచేటోడు గింత జల్ది పోతుండేంది అని అడిగాడు. ఆయన కాదు తాతా, తిరుగుతున్నది మనం అన్నాను. అవునా అన్నాడు, చిన్నపిల్లవాడిలా. ఇంకోసారి చూశాడు. ఆయన చెయ్యి స్టాండును తాకకుండా పక్కనే గాలిలో ఉంది.

"బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కిచ్చినట్టుంది బిడ్డా. నా బతుకంత అసొంటి పట్టాలే ఎక్కిచ్చిన. గని ఇది చక్రాన్ని తాకుతలేదు. తాకకుండ నిలబెట్టిండు, ఎవలో గని."

కన్ను తీశాడు. కన్నీళ్లు ముక్కు చివరిదాకా వచ్చి సూటిగా నేల మీద పడ్డాయి, ఆయన మొఖం కిందికే ఉంటుంది కదా, చెంప మీదికి జారే దారి లేదు. తుడుచుకోలేదు. నేలను పట్టుకుని అమ్మ మంచం ముందు కూర్చున్నాడు. రాములమ్మా, నేను గిట్ల ఎందుకు వంగిననో నీకెరుకనా అని అడిగాడు. అమ్మ ఊరంతా అనే మాటే అంది, మా అందరి శని మీరే పట్టిన్రు గద పెద్దయ్యా అని.

"గది అబద్ధం. పదకొండేండ్ల కింద హైదరాబాదుల డాక్టరు నాకు గూడ గిదే ఆపరేషన్ చెప్పిండు. నాకు అప్పుడు అష్టమ శని. రెండున్నరేండ్లు ఆగుదామనుకున్న. శని పోయిండు, మెడ మాత్రం గిట్లనే బిగిసింది. ఊరోళ్లు నేనేదో త్యాగం చేసిననుకున్నరు. నేను కాదనలే. మంచిగనిపిచ్చింది నాకు. శని నన్ను వంచలే బిడ్డా. నేను ఆగిన, గందుకు వంగిన."

నెలన్నర కింద నేను విసిరిన ప్రశ్నకు ఆయన జవాబు తెచ్చి మా అమ్మ ముందు పెట్టాడు. ఊర్లో చెప్పులు విడిచి పక్కకు నిలబడేవాళ్లంతా దేనికి నిలబడేవాళ్లో, దాన్ని తన చేత్తోనే తీసేశాడు. ఒక కూలి మనిషి కాళ్ల కోసం. దేవుళ్ల ముందు దండం పెట్టడం రాని నాకు ఆ పూట ఆయన ముందు చేతులు వాటంతటవే కలిశాయి.

అమ్మ, నాకు చూపియ్యి అంది. దిమ్మె మీద కూర్చోబెట్టి గొట్టం ఆమె కంటికి అందించాను. ఆమె భయం భయంగా కన్ను పెట్టింది. నేను నా పాఠం మొదలుపెట్టబోయాను, అదొక గోళం అని. ఈలోగా అమ్మే అంది.

"పాపం, ఒక్కడే ఉన్నడు గదనే."

ముప్పై ఏళ్లు ఒక్కతే ఉన్న మనిషి అన్న మాట అది. కన్ను తీసి, ఏ వారం పోదాం దవాఖానకు అని అడిగింది.

దానం మాత్రం మానలేదు. ఆ శనివారమే ఇస్తానంది, నేను కాదనలేదు. మంచం కిందినుంచి మా నాయిన గడ్డపార తీసింది. ఆ రోజు బావిలోంచి నాయినతో పాటు పైకి తెచ్చిన గడ్డపార అది. ఇల్లు మారినా, గోడలు మారినా ఆమె మంచం కిందే ఉంటూ వచ్చింది. నల్లబట్ట చుట్టి నేను మోసుకెళ్లాను. సోమాచారి తాత రెండు చేతులూ చాపాడు. బరువుకు చేతులు కిందికి దిగాయి, వదల్లేదు. ఇది ఎవరిదో నాకెరుకే అన్నాడు. మా నాయిన తాతల నాటి ఆ గడ్డపారను కాల్చి సాగగొట్టింది సోమాచారి తాత వాళ్ల తాతేనట.

శని వృశ్చికంలో ఉండగానే ఆపరేషన్ జరిగింది. సగం పూట బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ వాకిట్లో చూసిన వలయాన్నే కళ్లు మూసుకుని చూస్తూ ఉన్నాను. నేను దండం పెట్టుకున్నానో లేదో నన్నడగొద్దు. మూడోరోజు డాక్టరు అమ్మ పాదం మీద పెన్ను మొనతో గీత గీస్తే, అమ్మ కాలు వెనక్కి లాక్కుని, చక్కిలిగిలి పెడుతుండేంది ఈ పిలగాడు అంది. నేను వరండాలోకి వచ్చి నవ్వాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అమ్మను ఇంటికి తెచ్చిన రోజు గడప పక్కన ఈ కడ్డీ ఉంది. గడ్డపారను సోమాచారి తాత నాలుగు రోజులు కూర్చుని కాల్చి, సాగదీసి, రెండు చివర్లూ వంచి, గోడలో దిగేట్టు చేసి, తాపీమేస్త్రీని వెంటబెట్టుకొచ్చి బిగించి పోయాడట. అమ్మ ఆటో దిగి, దాన్ని పట్టుకుని గడప దాటింది. పట్టుకున్నాక ఒక్క క్షణం అట్లాగే నిలబడింది. అది ఏ ఇనుమో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఆయన ఒప్పుకున్న మాట ఊర్లో పాకింది. ఆయనే పాకించాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పి. కొందరు నవ్వారు. ఇన్నాళ్లూ మోసం చేసిండని తిట్టినవాళ్లున్నారు, మా ఇనుము మాకియ్యమని అడిగిన మహానుభావుడు కూడా ఒకడున్నాడు. మూడు శనివారాలు కొలిమి వాకిట్లోకి ఎవరూ రాలేదు. ఆయన మాత్రం పొద్దున్నే స్నానం చేసి పీట వేసుకుని కూర్చున్నాడు. నాలుగో శనివారం ఒకతను కొడుకు కాళ్ల కోసం మూట తెచ్చాడు. చేతులు చాపేముందు తాత అడిగాడు, దవాఖాన చీటీ ఏదని. లేదంటే, పో, చూపిచ్చి చీటీ తెచ్చి దీంట్ల పెట్టు, అప్పుడే పడుతా అన్నాడు. అదే ఆయన షరతు అయింది. నువ్వులు, నూనె, ఇనుము, డాక్టరు చీటీ. పంచాంగంలో ఎక్కడా లేని దానం అది. వచ్చిన ఇనుమునంతా కడ్డీలు చేశాడు. గడపల దగ్గర, స్నానాల గదుల్లో, మంచాల పక్కన, మా ఊర్లో ఇప్పటికీ చాలా ఇండ్లలో ముసలివాళ్లు వాటిని పట్టుకునే లేస్తారు. ఎప్పుడైనా ఆకాశం తేటగా ఉంటే నేను టెలిస్కోపు తీసుకెళ్లేదాన్ని. ఎన్నిసార్లు చూసినా మొదటిసారి చూసినట్టే కన్ను తీయకుండా చూసేవాడు.

రెండేళ్ల కింద శ్రావణంలో పోయాడు. పోయినప్పుడు కూడా పక్కకు తిరిగే పడుకుని ఉన్నాడు. కొలిమి మూతపడింది. శని దానం పట్టేవాళ్లు లేక ఊరివాళ్లు మూటలు తీసుకెళ్లి మూడుదారుల దగ్గర వదిలేసి రావడం మొదలుపెట్టారు.

మొన్న శనివారం పొద్దున మా బడిలో వంట చేసే యాదమ్మ మా వాకిట్లోకి వచ్చింది. చంకలో నల్లమూట. భర్తకు నడుము పట్టేసింది, కాళ్లు తిమ్మిర్లంటున్నాడని చాన్నాళ్లుగా చెబుతోంది. తాత ఇంటి ముందు పెట్టి పోదామనుకున్న టీచరమ్మా, తాళం చూస్తే మనసొప్పలే, ఎవరికియ్యాలె అని అడిగింది. నువ్వుల నూనె వాసన, దాని అడుగున తుప్పు వాసన. వెనుక కడ్డీ పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. నా వంకే చూస్తోంది. నేను సైన్స్ టీచరును. గ్రహాలు మనుషులకు అంటుకోవని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఇప్పటికీ అదే చెబుతాను.

"చీటీ ఏది యాదమ్మా?" అన్నాను.

యాదమ్మ మూట ముడి విప్పింది. నువ్వుల మధ్యలో నాలుగు మడతలు పెట్టిన నల్లగొండ దవాఖాన కాగితం ఉంది, నూనె మరకతో. తీసి చదివాను. సోమవారం మళ్లీ రమ్మన్నారు, నేను కూడా వస్తానని చెప్పాను. కాగితం ఆమెకు తిరిగిచ్చి రెండు చేతులూ చాపాను. మీకంటుకుంటదేమో టీచరమ్మా అని ఆమె ఇంకా తటపటాయిస్తోంది.

"ఇటియ్యి," అన్నాను.

ఇచ్చింది. లోపల పాత నాగలి కర్రు ఉన్నట్టుంది, బాగా బరువుంది.